వాయిదాకి రాని వ్యాను: జైలు, కోర్టు, పోలీసు ఖర్చుని మనమే లెక్క తీసే పద్ధతి

మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టే ఆవిడ నాకన్నా పదేళ్లు చిన్నది. వీధంతా ఆమెని అప్ప, అంటే అక్క, అంటుంది కాబట్టి నేనూ అప్ప అనే పిలుస్తాను. ఆమె కొడుకు ఒక కొట్లాట కేసులో రిమాండుకి వెళ్లాడు. బెయిలు వచ్చింది గానీ ఇద్దరు జామీనుదారుల్ని తేలేకపోయారు. అబ్బాయి సబ్ జైల్లోనే ఉండిపోయాడు. ఆ తర్వాత వరసగా మూడు వాయిదాలకి వాణ్ని కోర్టుకి తీసుకురాలేదు. మూడుసార్లూ కాగితం మీద ఒకటే మాట, ఎస్కార్టు లేదని, అంటే వెంట తీసుకొచ్చే పోలీసులు లేరని. మూడోసారి ఆమె కోర్టు నుంచి తిన్నగా మా అరుగు మీదకి వచ్చి కూర్చుంది.

"బావూ, నువ్వు ట్రెజరీలో సేసినావు కదా. గవర్నమెంటు కాడ బండికి ఆయిలు డబ్బుల్లేవా? ఉంటే ఎవుల కాడ ఉన్నాయి?"

నేను శ్రీకాకుళం జిల్లా ఖజానాల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పోలీసు జీతాల బిల్లులు, జైలు రేషను బిల్లులు, కోర్టు అమీన్ల ప్రయాణ భత్యాలు నా బల్ల మీదుగానే వెళ్లేవి. ఆమె అడిగింది సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు వెతికే దారి ఇక్కడ రాస్తున్నాను. పెద్ద చదువేమీ అక్కర్లేదు. కూడిక, తీసివేత, శాతం కట్టడం వస్తే సరిపోతుంది. ఒక తెల్ల కాగితం, ఓపిక కావాలి.

పేపర్లో వచ్చే పెద్ద అంకె దగ్గర ఆగిపోవద్దు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం రూ.3,22,359 కోట్లు. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ చదివిన ప్రసంగంలో హోం శాఖకి చెప్పిన అంకె రూ.8,570 కోట్లు. అంటే వంద రూపాయల్లో 2 రూపాయల 66 పైసలు. ఇది ఎక్కువా తక్కువా అని టీ బడ్డీ దగ్గర గంటసేపు వాదించుకోవచ్చు. అబ్బాయి వాయిదాకి ఎందుకు రాలేదో మాత్రం అందులో దొరకదు. అది దొరకాలంటే కోట్ల నుంచి వేల రూపాయల దాకా మెట్టు మెట్టు దిగాలి.

పుస్తకం తెరవడం

అసెంబ్లీలో బడ్జెట్ పెట్టిన రోజే ఆ సంపుటాలన్నీ రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైట్లోకి వస్తాయి. వాటిలో మనకి కావలసినవి డిమాండ్ల వారీ పుస్తకాలు. డిమాండ్ అంటే ఫలానా పనికి ఇంత ఖర్చు పెడతాం, ఒప్పుకోండి అని ప్రభుత్వం అసెంబ్లీని అడిగే పద్దు. రోమన్ అంకెల్లో మూడోది న్యాయపాలన, పదోది హోం పరిపాలన. మన పని ఎక్కువగా ఈ రెండింటిలోనే.

లోపల హెడ్ల పేర్లు, అంటే డబ్బు ఏ పనికో చెప్పే పద్దుల పేర్లు, చూసి కంగారు పడొద్దు. మేజర్ హెడ్లు అనే నాలుగంకెల నంబర్లు పట్టుకుంటే చాలు. 2014 అంటే కోర్టులు, న్యాయపాలన. 2055 పోలీసు. 2056 జైళ్లు. 2070లో 107 కింద హోంగార్డులు, 108 కింద అగ్నిమాపక సేవలు. ఈ నంబర్లు దేశమంతటా ఒకటే. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టి వాళ్ల బడ్జెట్ పుస్తకం తెరిచినా 2056 అంటే జైళ్లే. కాబట్టి ఒకసారి నేర్చుకుంటే రెండు రాష్ట్రాలూ పోల్చుకోవచ్చు. మొదటి అంకె 2 అయితే జీతాలు, రోజువారీ ఖర్చు. 4 అయితే భవనాలు, పరికరాల్లాంటి ఆస్తుల మీద పెట్టేది. పోలీసు భవనాల్లాంటివి 4055లో వెతకాలి. 0 తో మొదలైతే అది ఖర్చు కాదు, రాబడి.

2055 లోపలికి వెళ్తే మూడంకెల మైనర్ హెడ్లు ఉంటాయి. మన ఊళ్లతో గుర్తుపెట్టుకుంటే మరిచిపోరు. విజయనగరంలో పోలీసు శిక్షణ కళాశాల ఉంది కదా, ఆ శిక్షణ ఖర్చు 003. చింతలవలసలో ఏపీఎస్పీ అయిదో బెటాలియన్ ఉంది, అది ప్రత్యేక పోలీసు, 104. మీ ఊరి పోలీస్ స్టేషను, ఎస్పీ ఆఫీసు, ఆర్మ్‌డ్ రిజర్వు వాళ్లు 109, అంటే జిల్లా పోలీసు. 115 ఆధునికీకరణ, 116 ఫోరెన్సిక్ ల్యాబులు. జైళ్లలో 101 చూడండి. గార మండలం అంపోలులో ఉన్న మన జిల్లా జైలు లాంటివాటి ఖర్చు అక్కడికే వస్తుంది. కోర్టుల్లో 102 హైకోర్టు, 105 జిల్లా స్థాయి సివిల్, సెషన్స్ కోర్టులు, 114 ప్రభుత్వం తరఫు న్యాయవాదులు.

ప్రతి హెడ్డుకీ ఎదురుగా నాలుగు అంకెలు ఉంటాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మొదటిది రెండేళ్ల కిందటి లెక్క, అంటే నిజంగా ఖర్చయినది. రెండోది నడుస్తున్న ఏడాదికి మొదట్లో వేసిన అంచనా. మూడోది దాన్నే సవరించిన అంచనా. నాలుగోది వచ్చే ఏడాదికి అంచనా. ప్రసంగంలో వినపడేది నాలుగోది. నేను నమ్మేది మొదటిది. మీరు అయిదారేళ్ల పుస్తకాలు దింపుకుని, ఒకే ఏడాదికి వేసిన అంచనా, సవరించిన అంచనా, ఖర్చయిన లెక్క మూడూ పక్కపక్కన రాయండి. 2023-24కి ఖర్చయిన లెక్క కావాలంటే 2025-26 పుస్తకం తెరవాలి. ఏ హెడ్డులో ఏటా ఎక్కువ చెప్పి తక్కువ ఇస్తున్నారో రెండు గంటల్లో తేలిపోతుంది.

2024-25 దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ ఏడాది ఎన్నికలు రావడంతో మొదటి నెలలన్నీ ఓటాన్ అకౌంటు మీద, అంటే పూర్తి బడ్జెట్ వచ్చేదాకా అసెంబ్లీ ఇచ్చే తాత్కాలిక అనుమతి మీద నడిచాయి. పూర్తి బడ్జెట్ 2024 నవంబరు 11న వచ్చింది. అప్పటికే ఏడు నెలలు దాటిపోయాయి. సగానికి పైగా గడిచిన ఏడాదికి వేసిన అంచనాని మామూలు ఏడాది అంచనాతో పక్కన పెట్టి పోల్చకూడదు.

ఇంకొకటి. పేజీ నెత్తిన అంకెలు వేలల్లోనా, లక్షల్లోనా అన్నది చూసుకోండి. ఒక్క సున్నా తేడా వస్తే మీ లెక్క ఎవరూ నమ్మరు.

జీతం పక్కన పెడితే మిగిలేది

మైనర్ హెడ్డు కిందకి దిగితే ఆబ్జెక్ట్ హెడ్లు వస్తాయి, అంటే డబ్బు దేని మీద పెట్టారో చెప్పే నంబర్లు. ఖజానాలో మేం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడేది ఈ భాషే. 010 జీతాలు. 110 ప్రయాణ భత్యం, అంటే టీఏ. 130 ఆఫీసు ఖర్చులు, అందులోనే 133 నీళ్లు, కరెంటు. 230 రేషను, భోజనం. 240 పెట్రోలు, డీజిలు. 270 చిన్న మరమ్మతులు. 510 వాహనాలు.

పోలీసు పద్దులో సింహభాగం 010కే పోతుంది. అందులో తప్పేమీ లేదు. కాపలా కాసేది మనిషే, మనిషికి జీతం ఇవ్వాలి. ఆ జీతం తీసేశాక మిగిలిన అంకెని చూడమంటున్నాను. స్టేషనుకి జీపు ఉంటుంది, ఎస్సైకి జీతం వస్తుంది, జీపులో డీజిలు 240లో ఉంటుంది. జీతం ఆగితే గొడవ అవుతుంది, సంఘాలున్నాయి, పేపర్లున్నాయి. 240, 110 ఆగితే ఎవరూ రోడ్డెక్కరు. అందుకే డబ్బు బిగిసినప్పుడు ముందు నొక్కేది వాటినే. నేను బల్ల మీద కూర్చుని చూసిన సంగతి ఇది. ఖైదీని తీసుకుని ఊరూరూ తిరిగిన కానిస్టేబులు టీఏ బిల్లు పెట్టుకుంటాడు. అది రెండొందలో మూడొందలో ఉంటుంది. బడ్జెట్ లేదని వెనక్కి పోతుంది. మళ్లీ పెడతాడు. తన జేబులోంచి టీ తాగి, ఖైదీకీ తాగించి, ఆ డబ్బు కోసం ఏడాది ఎదురుచూసిన వాళ్లని నేను ఎరుగుదును. అలాంటివాళ్లని మళ్లీ ఎస్కార్టుకి వెళ్లమంటే ఉత్సాహంగా ఎలా వెళ్తారు?

కాబట్టి మీ కాగితం మీద 2055-109, 2056-101, 2014-105 ఈ మూడింటికీ మూడు నిలువు గీతలు గీయండి. అడ్డంగా 010, 110, 130, 230, 240, 270, 510 రాయండి. గళ్లు నింపండి. జీతాన్ని మొత్తంలో నూటికి ఎంతో కట్టి అడుగున రాయండి. ఇక మిగతావన్నీ ఈ కాగితం చుట్టూనే తిరుగుతాయి.

ఒక్క వాయిదా రోజుని పట్టుకుని వెళ్లడం

అంకెలు నింపాక కూడా అవి చచ్చిన అంకెల్లాగే ఉంటాయి. వాటిని కదిలించడానికి నాకు తెలిసిన మంచి దారి ఒకటే. ఒక్క రిమాండు ఖైదీ, ఒక్క వాయిదా రోజు తీసుకుని, ఆ రోజు ఎవరెవరి జేబులోంచి ఎంత కదులుతుందో రాయడం. నేను అప్ప ముందే రాశాను, ఆమె ఇడ్లీ పిండి గిన్నె పక్కన పెట్టుకుని వింది.

పొద్దున్న జైల్లో తిండి. అది 2056-101లో 230. వార్డరు జీతం అదే జైలు పద్దులో 010. ఎస్కార్టుకి రావలసింది జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు వాళ్లు. వాళ్ల జీతం 2055-109, టీఏ అదే పద్దులో 110. వ్యాను పాడవకుండా ఉండాలంటే 510, నడవాలంటే 240. డ్రైవరుగా హోంగార్డుని వేస్తే ఆ డబ్బు 2070-107. కోర్టులో జడ్జి గారు, బెంచి గుమాస్తా, బంట్రోతు 2014-105. తల మీద తిరిగే ఫ్యానుకి కరెంటు 133. ప్రభుత్వం తరఫు వకీలు 2014-114. అబ్బాయికి వకీలుని పెట్టుకునే శక్తి లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే వకీలు, ఆ డబ్బు ఇంకో దారిలో వస్తుంది.

ఇప్పుడు వ్యానులో డీజిలు లేదనుకోండి. లేదా ఉన్న నలుగురు కానిస్టేబుళ్లని ఏ మంత్రి బందోబస్తుకో పంపేశారనుకోండి. 240లో, 110లో ఆ రోజు ఖర్చు సున్నా. పోలీసు ఖాతాలో అది పొదుపుగా కనపడుతుంది. కానీ జైల్లో తిండి పెట్టారు. కోర్టు కూర్చుంది. జడ్జి గారికి, గుమాస్తాకి, సర్కారు వకీలుకి ఆ రోజు జీతం నడిచింది. సాక్షులొచ్చి వెనక్కి వెళ్లారు. అప్ప ఆ రోజు బండి పెట్టలేదు. పైగా వాయిదా మూడు వారాలు జరిగింది. ఆ 21 రోజులూ జైలు పద్దులో 230 మీద మళ్లీ ఒక మనిషి తిండి.

పోలీసు పద్దులో మిగిలింది మిగతా పద్దుల్లో పోయింది. ఇవన్నీ తలో చోట, రెండు డిమాండ్లలో, వేరు వేరు ఆఫీసర్ల పేరు మీద ఉంటాయి. వీటిని కలిపి చూపించే పేజీ బడ్జెట్ పుస్తకంలో ఎక్కడా లేదు. ఏ ఆఫీసరూ తప్పుడు లెక్క రాయడం లేదు. ఎవరి పద్దు వాళ్లకి సరిగ్గానే ఉంది. కలిపి చూసేవాడు మాత్రం ఎవడూ లేడు. అందుకే ఆ పేజీ మనమే రాసుకోవాలి అంటున్నాను.

ఇది ఒక్క అప్ప కొడుకు సంగతి కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 సంవత్సరానికి ఇచ్చిన జైలు లెక్కల్లో దేశంలో ఖైదీలు 5,73,220 మంది. జైళ్లలో చోటున్నది 4,36,266 మందికి. ఆ ఖైదీల్లో 4,34,302 మంది విచారణ పూర్తికాని వాళ్లు, నూటికి 75 మందికి పైనే. జైలు మీద పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం శిక్షకి కాదు, వాయిదాకి ఎదురుచూడ్డానికి అన్నమాట. వాయిదా సరిగ్గా నడిస్తే జైలు ఖర్చు తనంతట తానే తగ్గుతుంది. కొత్త బ్యారక్‌లు కట్టండి అనే ముందు ఎవరైనా వ్యాను సంగతి అడగాలని నా కోరిక.

మన జిల్లా అంకె రాబట్టడం

రాష్ట్ర పుస్తకంలో సాధారణంగా జిల్లాల వారీగా విడి అంకెలు ఉండవు. మన అంకె మన ఆఫీసుల్లోనే ఉంటుంది. సమాచార హక్కు చట్టం, 2005 మనకిచ్చిన తాళంచెవి అదే. ఆ చట్టం 4వ సెక్షను ప్రకారం ప్రతి ఆఫీసూ తనకి కేటాయించిన బడ్జెట్‌ని అడక్కుండానే బయటపెట్టాలి. ముందు ఆ ఆఫీసు వెబ్‌సైటు, నోటీసు బోర్డు చూడండి. లేకపోతే దరఖాస్తు పెట్టండి.

తెలుగులోనే రాయవచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు, చట్టమే అలా అంది. జిల్లా ఆఫీసులో రుసుము 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో లేదు. దారిద్ర్య రేఖకి దిగువన ఉన్నవాళ్లు ఆ ఆధారం జతచేస్తే రుసుము కట్టనక్కర్లేదు. నేనైతే పోస్టల్ ఆర్డరు తీసి, దాని నంబరు దరఖాస్తు మీద రాసి, స్పీడ్ పోస్టులో పంపుతాను. ఆఫీసుకి వెళ్లి ఇస్తే రెండో కాపీ మీద ముద్ర వేయించుకోకుండా కదలొద్దు. జవాబుకి 30 రోజులు. రాకపోతే, లేదా అరకొరగా వస్తే, 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషనుకి.

ప్రశ్న ఎలా అడుగుతామన్నదే అసలు పని. "ఎస్కార్టుకి డబ్బులు ఎందుకు లేవు" అని అడిగితే జవాబు రాదు. ఎందుకు అన్నది సమాచారం కాదు, అభిప్రాయం అంటారు. రిజిస్టరులో ఉన్నదే అడగాలి, హెడ్డు నంబరుతో అడగాలి. నంబరు వేస్తే అకౌంట్స్ సెక్షనులో గుమాస్తాకి మీకు లెక్క తెలుసని అర్థమవుతుంది. మేం జిల్లా పోలీసు ఆఫీసుకి రాసిన వరస ఇది, మీరు కావలసినట్టు మార్చుకోండి:

"2023-24 నుంచి 2025-26 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో, మేజర్ హెడ్ 2055, మైనర్ హెడ్ 109 కింద మీ యూనిట్‌కి 110, 240, 510 హెడ్లలో నెలవారీగా విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం తెలుపగలరు. ప్రతి సంవత్సరం మార్చి 31 నాటికి ఈ హెడ్లలో చెల్లింపు కాకుండా మిగిలిన బిల్లుల సంఖ్య, మొత్తం తెలుపగలరు. ఖైదీలను కోర్టుకు తీసుకువెళ్లేందుకు ఎస్కార్టు కోరుతూ జైళ్ల నుంచి నెలవారీగా అందిన వినతుల సంఖ్య, వాటిలో ఎస్కార్టు ఇచ్చినవి, ఇవ్వనివి ఎన్నో తెలుపగలరు. ఖైదీల రవాణాకు కేటాయించిన వాహనాల సంఖ్య, ప్రస్తుతం నడుస్తున్నవి ఎన్నో తెలుపగలరు."

ఎస్కార్టులో ఎవరు వెళ్లారు, ఏ దారిలో వెళ్లారు, ఏ ఖైదీని తీసుకెళ్లారు అన్నవి అడగొద్దు. వాటికి భద్రత పేరుతో, దర్యాప్తు పేరుతో తిరస్కరించే వీలు చట్టంలోనే ఉంది. ఆ ఒక్క ప్రశ్న వల్ల మిగతావన్నీ ఆలస్యమవుతాయి. మనకి కావలసింది అంకెలే.

జైలుకి వేరే దరఖాస్తు: నెలాఖరుకి ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి చోటుంది, అందులో విచారణలో ఉన్నవాళ్లెందరు, కోర్టుకి పంపాల్సిన వాయిదాలెన్ని, పంపినవెన్ని, 230లో ఎంత ఖర్చయింది. ఆ ఖర్చుని మనుషులూ రోజులతో భాగిస్తే ఒక్క ఖైదీకి రోజుకి ఎంత తిండి పెడుతున్నారో మీ చేతికొస్తుంది. ఆ అంకెని, వాయిదా తప్పిన రోజులతో గుణించండి. పోలీసువాళ్లు ఆదా చేసిన డీజిలు పక్కన పెట్టండి.

ఫైళ్లు చూస్తామని కూడా అడగొచ్చు. మొదటి గంట చూడ్డానికి రుసుము లేదు. పేజీకి 2 రూపాయలు కట్టి కావలసినవే కాపీ తీసుకోవచ్చు. వందల పేజీలకి డబ్బు కట్టమని జవాబు వచ్చినప్పుడు ఇదే దారి.

ఖజానా మనిషిగా రెండు మాటలు. కేటాయింపు వేరు, విడుదల వేరు, చెల్లింపు వేరు. బడ్జెట్ పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఆఫీసరు బిల్లు పెట్టలేడు. త్రైమాసికాల వారీగా విడుదల ఉత్తర్వు రావాలి. వచ్చాక బిల్లు సీఎఫ్ఎంఎస్‌లో, అంటే ప్రభుత్వ బిల్లులు నడిచే కంప్యూటరు వ్యవస్థలో ఎక్కాలి. ఎక్కాక డబ్బు జమ కావాలి. మూడు అంచెల్లో ఎక్కడ ఆగిందో అడిగి తెలుసుకుంటే ఎవరి తలుపు తట్టాలో తెలుస్తుంది. విడుదలే కాకపోతే ఎస్పీ ఆఫీసు మీద కోప్పడి లాభం లేదు, ఆ ప్రశ్న ఆర్థిక శాఖకి వెళ్లాలి. విడుదలై ఖర్చు కాకపోతే అది ఇక్కడి సంగతే.

రెండోది మార్చి. ఏడాదంతా రాని డబ్బు మార్చి చివరి వారంలో వచ్చి పడుతుంది, 31 దాటితే మురిగిపోతుంది. మార్చి 31 రాత్రి పన్నెండు దాకా ఖజానాలో లైట్లు వెలుగుతూనే ఉండేవి. ఆ రోజు పాసయ్యే బిల్లుల్లో ఫర్నిచరు ఎక్కువగా కనపడేది, డీజిలు తక్కువ. బల్లలు ఒక్క రోజులో కొనేయొచ్చు, డీజిలు ఏడాది పొడుగునా ఉండాలి. అందుకే ఏడాది మొత్తం చాలదు, నెలవారీ అడగమంటున్నాను. పన్నెండు గళ్లలో పదకొండు ఖాళీగా ఉండి పన్నెండోది నిండి ఉంటే ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

పాత లెక్కలతో పోల్చేటప్పుడు 2022 ఏప్రిల్ 4 మరవొద్దు. ఆ రోజున పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. పాలకొండ వైపు మన శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం, సాలూరు వైపు విజయనగరం నుంచి అందులో కలిసిపోయాయి. 2021-22 శ్రీకాకుళం అంకె ఎక్కువగా, తర్వాతి ఏడాది తక్కువగా కనపడితే కోత పడిందని రాసేయకండి. జిల్లాయే చిన్నదయింది.

కోర్టులు

హైకోర్టు పరిపాలన ఖర్చు, జడ్జీల జీతాలు చార్జ్‌డ్ కింద వస్తాయి. అంటే అసెంబ్లీ వాటి మీద చర్చించవచ్చు, ఓటు వేయదు. న్యాయవ్యవస్థ ప్రభుత్వం దయ మీద ఆధారపడకూడదని రాజ్యాంగం పెట్టిన ఏర్పాటు అది, మంచి ఏర్పాటు. జిల్లా కోర్టుల ఖర్చు మాత్రం ఓటు మీదే నడుస్తుంది. పోలీసు, జైళ్లు పూర్తిగా రాష్ట్ర జాబితాలోవి. న్యాయపాలనని 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి మార్చారు. కోర్టు భవనాలకి కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున పెట్టుకునే పథకం ఉంది. రాష్ట్రం తన 40 సకాలంలో పెట్టకపోతే కేంద్రం 60 కూడా ఆలస్యమవుతుంది. మీ ఊళ్లో కోర్టు భవనం పునాదుల దగ్గర ఆగిపోతే రెండు వాటాలూ విడివిడిగా అడగండి. భవనాల డబ్బు 2014లో దొరకదు, 4059లో వెతకాలి.

కేసుల సంఖ్యకి దరఖాస్తు కూడా అక్కర్లేదు. జాతీయ న్యాయ గణాంకాల గ్రిడ్ (ఎన్‌జేడీజీ) వెబ్‌సైట్లో జిల్లా ఎంచుకుంటే ఎన్ని కేసులు పెండింగులో ఉన్నాయో, ఎన్నేళ్లవో కనపడుతుంది. కోర్టులకి సమాచార హక్కు రుసుము, నమూనా విషయంలో హైకోర్టు సొంత నియమాలున్నాయి, ముందు అవి చదువుకుని వెళ్లండి.

ఫైర్ స్టేషను

2070-108. చిన్న పద్దు, ఎవరూ చూడరు. ఎండాకాలంలో పూరిళ్లు అంటుకున్నప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి చెట్లు రోడ్ల మీద అడ్డంగా పడినప్పుడు అందరికీ గుర్తొస్తుంది. ఆబ్జెక్ట్ హెడ్లు అవే, పద్ధతి అదే. 240, 510 చూడండి, నీళ్ల బండి వయసెంతో అడగండి. తుపాను సాయం వేరే, అది 2245లో ఉంటుంది, దీనితో కలపకండి.

కాగితం చేతికొచ్చాక

లెక్క తీసి బీరువాలో పెట్టుకుంటే ప్రయోజనం లేదు. దాన్ని తీసుకెళ్లాల్సిన చోట్లు ఉన్నాయి.

ప్రతి జిల్లాలో విచారణ ఖైదీల సమీక్ష కమిటీ ఉంటుంది. జిల్లా జడ్జి అధ్యక్షులు. కలెక్టరు, ఎస్పీ, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు అధికారి సభ్యులు. నాలుగు పద్దుల మనుషులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు అదొక్కటే. మీరు రాసిన ఒక్క పేజీ అక్కడికి చేరాలి. న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. కస్టడీలో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు.

మనిషి లోపల ఉండగా లెక్కలు మాత్రమే చేస్తూ కూర్చోకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణలోనే గడిపేసిన వాళ్లని బెయిలు మీద వదలాలి. ఇంతకు ముందు ఏ నేరానికీ శిక్ష పడనివాళ్లకి మూడో వంతు చాలు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకి, మరో కేసు కూడా నడుస్తున్నవాళ్లకి ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకి రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. బెయిలు వచ్చీ డబ్బు లేక ఆగిపోయిన పేదల కోసం కేంద్రం 2023లో ఒక పథకం పెట్టింది. మొదలుపెట్టినప్పుడు విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేని శిక్ష ఖైదీకి 25,000 దాకా అన్నారు. కొన్ని తీవ్రమైన నేరాలకి లేదు. దరఖాస్తు చూసే జిల్లా కమిటీలో కలెక్టరు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి ఉంటారు.

ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లేదుంటే బడ్జెట్ సమావేశాలకి నెల ముందు వెళ్లండి. హోం డిమాండ్ మీద చర్చ వచ్చినప్పుడు అడగడానికి ఆయన చేతిలో ఒక్క పేజీ, రెండు ప్రశ్నలు ఉండాలి. కట్ట ఇస్తే పీఏ దగ్గరే ఆగిపోతుంది. డిమాండ్లు పాసయ్యాక వెళ్తే ఏడాది ఆగాలి.

అప్ప కొడుకు విషయంలో న్యాయ సేవాధికార సంస్థ వకీలు పిటిషన్ వేశాడు. ఇద్దరు జామీనుదారులకి బదులు ఒకరు చాలని కోర్టు ఒప్పుకుంది. అబ్బాయి ఇంటికొచ్చి ఇప్పుడు బండి దగ్గర చట్నీ వడ్డిస్తున్నాడు. మా దరఖాస్తుకి జవాబు అప్పటికింకా రాలేదు. ఇంక ఎందుకులే అంటుందేమో అనుకున్నాను. "ఆడొచ్చినాడని ఆయిలు డబ్బులొచ్చేసినట్టా బావూ? ఆ కోర్టు సెట్టు కింద ఇంకెంతమంది తల్లులు కూకున్నారో సూసినాను నేను" అంది.

28వ రోజున జవాబొచ్చింది. మూడు ప్రశ్నలకి అంకెలు ఇచ్చారు. 240లో విడుదలల గడులు చూస్తే వరసగా కొన్ని నెలలు ఖాళీ. ఎస్కార్టు ఇవ్వని వినతులెన్ని అన్న దానికి మాత్రం విడిగా రిజిస్టరు లేదని రాశారు. అదే వినతుల్ని పంపిన జైలు దగ్గర రిజిస్టరు ఉంటుంది కాబట్టి అక్కడికి ఇంకో దరఖాస్తు, ఇక్కడ మొదటి అప్పీలు, రెండూ ఒకే రోజు పోస్టు చేశాం. రాత నాది, దరఖాస్తుదారు పేరు, సంతకం అప్పవి. పోస్టల్ ఆర్డరుకి పది రూపాయలు నేనిస్తానంటే వద్దని, బండి గల్లాలోంచి తీసి ఇచ్చింది.